ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీలే

డిసెంబరులో రీగాకి నాలుగింటికే చీకటి.
డ్యూటీ దిగి, కోటు మార్చుకుని
కుక్కని పైన్ తోపులోకి వదిలితే
చీకట్లో చీకటైపోతుంది.
పేరు చియెకుర్స్. పైన్ కాయ అని అర్థం.
నల్లటి కాయ. పిలిస్తే రాదు.

మెడకో మిణుకుదీపం కడదామనుకున్నాను.
దుకాణంలో దొరుకుతుంది, తెలుసు.
కానీ ఇరవై రెండేళ్లుగా ట్రామ్ నడుపుతూ
కరెంటంటే ఏమిటో తెలీకుండానే
రిటైరైపోతానేమోనని దిగులు.

మొదటి వారం మూడు ట్రాన్సిస్టర్లు మాడాయి.
డిపో ఎలక్ట్రీషియన్ విస్వల్దిస్
చెవి మీది పెన్సిలు తీసి అన్నాడు:
"ముందు కంప్యూటర్లో కాల్చుకో. అక్కడ కంపు రాదు."

చెల్లెలి పాత లాప్‌టాప్. 'ఆర్' మీట ఊడిపోయింది.
ఒక సాఫ్ట్‌వేర్ ఉచితమని పిలిచి
గుమ్మంలోనే కార్డు నంబరు అడిగింది.
ఇంకోటి భలే ముద్దుగా ఉంది.
తీగెల్లో పసుపు చుక్కలు పాకుతుంటే
రాత్రిపూట వంతెన మీది మా బళ్లే అనిపించి
టీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను.
నేర్చుకున్నది మాత్రం తక్కువ.
మూడోది బూడిదరంగు, పాతకాలపు మొహం.
డబ్బడగదు, పేరడగదు, నవ్వదు.
"అదే తీసుకో. అందం లేదు, అబద్ధమూ లేదు," అన్నాడు.
(అబద్ధం ఉంది. చివర్లో చెప్తాను.)

'ఆర్' నొక్కితే రెసిస్టర్ వస్తుందట అందరికీ.
నేను మెనూలోకి దిగి ఒక్కొక్కటీ
చేద వేసి తోడినట్టు తెచ్చుకున్నాను.
గీశాను. రన్ నొక్కాను.
నేల లేదు పొమ్మంది.
సున్నా ఎక్కడో చెప్పకపోతే
దేన్నీ కొలవదట.
నవ్వొచ్చింది.
ట్రామ్‌కి పైన ఒక్క తీగె, కింద పట్టాలు.
వచ్చిన కరెంటు ఇంటికెళ్లేది పట్టాల దారినే.
ఆ తిరుగుదారి మీదే ఇన్నేళ్లూ దొర్లాను,
కాళ్ల కింద ఏముందో
ఈ బూడిదమొహం అడిగేదాకా తెలీలేదు.

నేల పెట్టాను. రన్.
తెర మీద ఒకే గీత, ఇస్త్రీ చేసినట్టు.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
రెండు వైపులా నలభై ఏడు కిలో ఓములు,
పది మైక్రోఫారాడ్లు, అచ్చు గుద్దిన కవలలు.
ముందు నువ్వంటే ముందు నువ్వని
గుమ్మం దగ్గరే నిలబడిపోయారు
మర్యాదస్తులు.

ఫోన్లో విస్వల్దిస్ తుమ్మి, మళ్లీ తుమ్మి:
"బ్యాటరీని సున్నా నుంచి లేవనివ్వు.
ఒకదాన్ని నలభై ఆరు చెయ్యి.
కొన్న సరుకులో ఏ రెండూ ఒకటి కావు,
అందుకే బల్ల మీద వాటంతటవే మొదలవుతాయి.
రెసిస్టర్ మీద ఆ బంగారు గీత ఎందుకనుకున్నావ్?
ఐదు శాతం వంకరేనని ఒప్పుకోలు."

నలభై ఆరు. రన్.
లేచింది, పడింది, లేచింది, పడింది,
తెర నిండా కోటగోడ పళ్లు.
అర్ధరాత్రి ఒక్కదాన్నే చప్పట్లు కొడితే
కుక్క ఒక కన్ను తెరిచి
మళ్లీ మూసుకుంది.

శనివారం టంకం వేశాను.
వేలు కాలింది. ట్రాన్సిస్టర్లు కాలలేదు.
ఆ సాయంత్రం మైనస్ పన్నెండు.
చెట్ల మధ్య ఎర్రచుక్క
తెర చెప్పినదానికన్నా తొందరగా,
కాస్త మసగ్గా, కొట్టుకుంటూ పోయింది.

ఇంటికొచ్చి వెతికితే సెట్టింగుల అడుగున దొరికింది:
ఉష్ణోగ్రత, ఇరవై ఏడు.
మనం చెప్పనంతకాలం ఆ లోకంలో ఎప్పుడూ ఇరవై ఏడే.
మాకు జులైలో నాలుగు రోజులుంటుంది ఆ వేడి.
మైనస్ పన్నెండు కొట్టాను.
ట్రాన్సిస్టర్లు కొంచెం ముడుచుకున్నాయి.
కెపాసిటర్ మెదల్లేదు.
చలంటే ఏమిటో దానికి నేనే నేర్పాలట.
ఫ్రీజర్ ఖాళీ చేయాలి, చేపలు తీసి.

మర్నాడు తోపులో చుక్క ఒకచోట ఆగిపోయింది.
దేన్నో వాసన చూస్తోంది కాబోలు.
పిలిస్తే రాదు.
పిలవలేదు.
మంచులో, ఆ తొందరపాటు వెలుగు వైపు
నడిచెళ్లాను.